బందరు వైద్యుడు నిలిపిన బ్యాంకు... పల్లె నమ్మకమే పెట్టుబడిగా పట్టాభి ప్రస్థానం

గుంటూరు: మిరప, పత్తి పండించే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఆంధ్రా బ్యాంకు పేరు తెలియని రైతు కుటుంబం అరుదు. పంట రుణమైనా, బంగారంపై అప్పయినా, ఆడపిల్ల పెళ్లికి దాచిన సొమ్మయినా ఎందరికో ఆ బ్యాంకు గడపే దిక్కయింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. బోర్డులు మారాయి, పాసుపుస్తకాలు మారాయి, చెక్కులపై సంకేత సంఖ్యలు మారాయి. పెద్దల నోట మాత్రం పాత పేరు పోలేదు. తొమ్మిది దశాబ్దాలకు పైగా నడిచిన ఒక వ్యాపార సంస్థను జనం తమ ఇంటి సంస్థగా ఎందుకు భావించారన్న ప్రశ్నకు సమాధానం లెక్కల పుస్తకాల్లో దొరకదు. ఆ సంస్థను నెలకొల్పిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య జీవితంలో దొరుకుతుంది.

సంస్థల సామాజిక బాధ్యత అన్న మాట మన వాడుకలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణానికి మించిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. ఈ నిబంధన 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రైవేటు బ్యాంకులు దీని పరిధిలోనివే. జాతీయం చేసిన బ్యాంకులు వేరే చట్టాల కింద ఏర్పడినందున వాటి దారి వేరు. సామాజిక బాధ్యతను గుర్తెరిగి నడుచుకోవాలని రిజర్వు బ్యాంకు 2007 డిసెంబరులో బ్యాంకులన్నిటికీ సూచించింది. పాఠశాలకు బల్లలు, ఆసుపత్రికి అంబులెన్సు, ఊరికి మంచినీటి యంత్రం, వాటిపై బ్యాంకు పేరు. నేడు సామాజిక బాధ్యత అనగానే కళ్ల ముందు మెదిలే దృశ్యం ఇదే. ముందు లాభం, ఆ తరువాత అందులో కొంత సేవ. పట్టాభి జీవితంలో ఈ వరుస తలకిందులుగా ఉంది. ఆయన ముందు ఊరికి పనికివచ్చారు. బ్యాంకు ఆ తరువాత వచ్చింది. ఖాతాదారులు ఆ వరుసలోనే వచ్చారు.

గుండుగొలను నుంచి బందరుకు

పట్టాభి సీతారామయ్య 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించారు. ఆ గ్రామం ఏలూరుకు సమీపంలో ఉంది. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. పెద్ద సంసారాన్ని తల్లి ఒంటిచేతిమీద ఈదుకొచ్చింది. లేమిని పుస్తకాల్లో చదివి తెలుసుకున్న నాయకుడు కాడాయన. బందరు నోబుల్ కళాశాలలో ఎఫ్.ఏ., మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పూర్తిచేసి, మద్రాసు వైద్య కళాశాలలో వైద్య పట్టం పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో వైద్య పట్టం చేతికొచ్చిన యువకుడికి సర్కారు కొలువు కష్టం కాదు. పట్టాభి మాత్రం బందరు చేరి సొంతంగా వైద్యవృత్తి మొదలుపెట్టారు. సుమారు పదేళ్లు రోగుల నాడి పట్టారు. ఆ తరువాత వృత్తికి స్వస్తి చెప్పి పూర్తికాలం ప్రజా జీవితంలోకి దిగారు.

వైద్యుడిగా గడిపిన ఆ పదేళ్లను ఆయన జీవితచరిత్రలో ఒక్క వాక్యంతో దాటవేయడం రివాజు. అయితే బ్యాంకు కథకు పునాది అక్కడే పడిందని చెప్పాలి. పల్లెటూరి మనిషి తన ఒంటి బాధను, ఇంటి గుట్టును విప్పి చెప్పుకునేది ఇద్దరి దగ్గరే. ఒకరు వైద్యుడు, రెండోవాడు అప్పిచ్చేవాడు. మొదటివాడిగా మన్నన పొందిన వ్యక్తి రేపు సొమ్ము దాచుకోమని అడిగితే కాదనడం కష్టం.

బందరు అప్పటికే చితికిన రేవు. 1864 నాటి ఉప్పెనలో ముప్పై వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయినట్లు చరిత్ర చెబుతోంది. ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ పూర్వవైభవానికి రాలేదు. అలాంటి పట్టణంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి త్రయం 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించింది. ప్రభుత్వ సాయంపై ఆధారపడకుండా చదువుతో పాటు చేతిపనులు నేర్పాలన్నది దాని ఆశయం. ఇలాంటి సంస్థ నిలవాలంటే జనం ముందు చేయి చాపక తప్పదు. ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పకా తప్పదు. నలుగురి సొమ్మును నలుగురి మేలుకు నడిపే శిక్షణ పట్టాభికి ఈ విరాళాల రోజుల్లోనే అబ్బింది. సహకార ఉద్యమంతోనూ ఆయనకు ఆదినుంచీ అనుబంధం ఉంది. కృష్ణా జిల్లా సహకార బ్యాంకు ఏర్పాటుకు కృషి చేసినవారిలో ఆయన ముఖ్యులు.

బాపట్ల సభతో గుంటూరు బంధం

పట్టాభికి గుంటూరు సీమతో ఉన్న బంధం బ్యాంకు కంటే పదేళ్లు పాతది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక సంఘటిత రూపం దాల్చిన తొలి ఆంధ్ర మహాసభ 1913 మే నెలలో బాపట్లలో జరిగింది. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించారు. సభకు ముందూ తరువాతా ప్రత్యేక రాష్ట్ర వాదాన్ని పత్రికల్లో, వేదికలపై వినిపించినవారిలో పట్టాభి అగ్రగణ్యులు. గుంటూరుకు చెందిన కొండ వెంకటప్పయ్యతో కలిసి ఆయన జిల్లాలు తిరిగారు. కృష్ణా పత్రికను ఆరంభించినవారిలో ఒకరైన కొండ వెంకటప్పయ్యను జనం దేశభక్త బిరుదుతో పిలుచుకున్నారు. ఆయన తోడుగా వచ్చిన బందరు డాక్టరుకు గుంటూరు పల్లెల్లో వేరే పరిచయం అవసరం లేకపోయింది.

ఆ పర్యటనల్లో వారు అడిగింది ఓటు కాదు, డిపాజిట్ అంతకన్నా కాదు. అయినా ఆ ముఖాలు జనానికి గుర్తుండిపోయాయి. పదేళ్ల తరువాత ఆంధ్ర అన్న పేరుతో ఒక బ్యాంకు వెలసినప్పుడు, ఆ పేరు ఎవరిదో, ఎందుకు పెట్టారో ఊరూరా తెలిసినవారున్నారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. అంటే రాష్ట్రం కంటే ముప్పై ఏళ్లు ముందే బ్యాంకు ఆ పేరు పెట్టుకుంది.

బ్యాంకులు కూలిన కాలంలో బ్యాంకు

నేటి ఖాతాదారుకు బ్యాంకులో సొమ్ము అంటే భద్రమైన సొమ్ము. శతాబ్దం కిందట పరిస్థితి అది కాదు. 1906 అక్టోబరులో మద్రాసులోని ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. అది తెల్లదొరల సంస్థ. జమీందార్లు, న్యాయవాదులు, ఉద్యోగులు, వితంతువులు దాచుకున్న సొమ్ము దానితో మునిగింది. ఆ దెబ్బ నుంచే మరుసటి ఏడాది ఇండియన్ బ్యాంకు పుట్టింది. స్వదేశీ ఉద్యమం ఊపులో దేశమంతటా పుట్టుకొచ్చిన భారతీయ బ్యాంకులు కూడా 1913 తరువాత కొన్నేళ్ల పాటు వరుసగా కూలాయి. తెల్లవాడిని నమ్మినా మునిగారు, మనవాడిని నమ్మినా మునిగారు. సొమ్మున్నవారు దానిని బంగారంగా మార్చి పెట్టెలో దాచడమో, ప్రోనోటుపై వడ్డీకి తిప్పడమో మేలనుకున్నారు. సొమ్ము లేనివారు ఆ ప్రోనోట్ల కిందే నలిగారు.

అటువంటి వాతావరణంలో ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, అదే నెల 28న బందరులో పని ప్రారంభించింది. అధీకృత మూలధనం పది లక్షల రూపాయలు. చేతికొచ్చిన మూలధనం లక్ష రూపాయలు. లక్ష రూపాయల బ్యాంకు కూలదన్న హామీని ఏ చట్టమూ ఇవ్వలేదు. అప్పటికి రిజర్వు బ్యాంకే లేదు. అది వచ్చింది 1935లో. డిపాజిట్లకు బీమా రక్షణ వచ్చింది 1962 జనవరి 1న. అంతకు ముందు బ్యాంకు మూతపడితే ఖాతాదారుకు దక్కేది అదృష్టం మీదే ఆధారపడింది. ఈ లెక్కన పట్టాభి బతికి ఉన్నన్నాళ్లూ ఆంధ్రా బ్యాంకులో సొమ్ము దాచిన ప్రతి మనిషీ ఏ బీమా లేకుండానే దాచాడు. బందరు డాక్టరు పేరుమీద, జాతీయ కళాశాల మీద, పదేళ్ల పాటు ఊళ్లు తిరిగిన కాళ్ల మీద ఉన్న నమ్మకంతో దాచాడు. ప్రకటనలతో కొనగలిగింది కాదది.

బ్యాంకుతో ఆయన ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారతలక్ష్మి బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఆయన చొరవతో ఏర్పడ్డాయి. తెలుగువాడి పొదుపు తెలుగునాటే తిరగాలన్నది వీటన్నింటి వెనుక ఉన్న ఆలోచన. 1956లో జీవిత బీమా జాతీయం కావడంతో ఆ కంపెనీల జీవిత బీమా వ్యాపారం ఎల్‌ఐసీలో కలిసిపోయింది. ఎల్‌ఐసీకి బందరులో నేటికీ డివిజనల్ కార్యాలయం ఉండడం గమనార్హం. భారతలక్ష్మి బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో చేరింది.

కౌంటరు వద్ద తెలుగు

పట్టాభి పట్టుదలల్లో ఒకటి భాష. తాను నెలకొల్పిన సంస్థల్లో ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులో సాగాలని ఆయన కోరేవారు. తెలుగులో వివరాలు నింపిన మనియార్డరు ఫారాలను బందరు తపాలా సిబ్బంది తిప్పి పంపితే వారితో పోరాడారు. ఇంగ్లీషులో కాంగ్రెస్ చరిత్ర రాసినవాడు, ఇంగ్లీషు పత్రిక జన్మభూమిని నడిపినవాడు ఈ పని చేయడం విశేషం. ఆయనకు ఇంగ్లీషు రాక కాదు. ఇంగ్లీషు రానివాడు డబ్బు పంపుకునే హక్కు కోల్పోరాదని.

ఈ చిన్న విషయాన్ని తేలిగ్గా తీసుకోరాదు. మిరప రైతు బ్యాంకుకు వచ్చేది ఏడాదికి రెండు మూడు దఫాలు. విత్తనం వేళ ఒకసారి, ఎరువుల వేళ ఒకసారి, కోసిన కాయ అమ్మాక మరోసారి. ఆ రెండు మూడు సందర్భాల్లో కాగితం అర్థం కాకపోతే, అడిగితే విసుక్కుంటే, అతడు ఎదురుగా ఉన్న వ్యాపారి దుకాణంలోకి నడుస్తాడు. అక్కడ వడ్డీ ఎక్కువే. కానీ మాట అర్థమవుతుంది. ఊరికి అంబులెన్సు ఇచ్చిన బ్యాంకు అయినా సరే, కౌంటరు వద్ద రైతుకు చులకన ఎదురైతే ఆ అంబులెన్సు వల్ల వచ్చిన మంచిపేరు ఆ పూటతోనే ఖర్చయిపోతుంది. మార్కెటింగ్ పుస్తకాలు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టాయి. పట్టాభి ఆ పుస్తకాలేవీ లేని కాలంలోనే మనియార్డరు ఫారం దగ్గర దీన్ని పట్టుకున్నారు.

జైలులో వ్యవస్థాపకుడు

1930 ఉప్పు సత్యాగ్రహంలో పట్టాభి అరెస్టయ్యారు. ఆ తరువాత మరికొన్ని దఫాలు జైలుకు వెళ్లారు. క్విట్ ఇండియా తీర్మానం అనంతరం 1942 ఆగస్టులో కాంగ్రెస్ కార్యవర్గ సభ్యుడిగా అరెస్టై నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు నిర్బంధంలో గడిపారు. ప్రభుత్వంతో పోరాడే మనిషి నెలకొల్పిన బ్యాంకులో సొమ్ము పెట్టడం ఆనాడు అంత సులువైన నిర్ణయం కాదు. వ్యవస్థాపకుడు కటకటాల వెనుక ఉన్నా బ్యాంకు తలుపులు తెరుచుకునే ఉన్నాయి. 1930ల ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు పాతాళానికి పడిపోయి రైతులు భూములు పోగొట్టుకున్న రోజుల్లోనూ, 1938లో ట్రావెన్‌కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలి దక్షిణాదిన డిపాజిటర్లు బెంబేలెత్తిన రోజుల్లోనూ ఆంధ్రా బ్యాంకు నిలబడింది.

రాజకీయాల్లో ఆయనకు అన్నీ గెలుపులు కావు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి గాంధీజీ అభీష్టం మేరకు సుభాష్ చంద్రబోస్‌పై పోటీచేసి రెండు వందలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమి తనదేనని గాంధీజీ ప్రకటించడంతో పట్టాభి పేరు దేశమంతటా మారుమోగింది. గెలిచినా అంత ప్రచారం వచ్చేది కాదేమో. 1948లో పురుషోత్తందాస్ టాండన్‌పై నెగ్గి అధ్యక్షుడై జైపూర్ మహాసభకు సారథ్యం వహించారు. అదే మహాసభలో భాషా రాష్ట్రాలపై నియమించిన జె.వి.పి. సంఘంలో నెహ్రూ, పటేల్‌లతో పాటు మూడోవారు ఆయనే. 1949 ఏప్రిల్‌లో వెలువడిన ఆ నివేదిక, మద్రాసు నగరంపై పట్టు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రానికి అవకాశముంటుందన్న ధోరణిలో సాగడం ఎందరో తెలుగువారిని నొప్పించింది. బాపట్ల సభనాటి పట్టాభేనా ఈయన అనుకున్నవారున్నారు. ఒంగోలు సీమ కన్నబిడ్డ టంగుటూరి ప్రకాశం పంతులుతో ఆయన వర్గానికి ఉన్న వైరమూ జగమెరిగినదే. ఆ వైరం ఆంధ్ర కాంగ్రెస్‌ను ఏళ్ల తరబడి రెండుగా చీల్చింది. రాజకీయ నాయకుడిగా పట్టాభిపై తీర్పు చెప్పేటప్పుడు వీటిని పక్కన పెట్టలేం.

సంస్థల నిర్మాతగా ఆయనపై తీర్పు వేరుగా ఉండడానికి కారణం ఒకటే. సంస్థ ఆయన చేతుల్లో రాజకీయ పీఠం కాలేదు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. తరువాతి ఏడాదే కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. దేశంలో డిపాజిట్ బీమాకు దారితీసిన దెబ్బ అదే. పట్టాభి లేని ఆంధ్రా బ్యాంకు ఆ గండాన్ని కూడా దాటింది.

ఇద్దరు వైద్యులు, రెండు జిల్లాలు

పట్టాభి కథకు కన్నడసీమలో ఒక జోడీ ఉంది. ఉడుపిలో 1925లో డాక్టర్ టి.ఎం.ఏ. పాయ్, ఉపేంద్ర అనంత పాయ్, వామన్ కుడ్వ కలిసి ఎనిమిది వేల రూపాయల పెట్టుబడితో ఒక బ్యాంకు పెట్టారు. చేనేత కార్మికులను ఆదుకోవడం వారి తొలి ఉద్దేశం. అదే కాలక్రమంలో సిండికేట్ బ్యాంకు అయింది. రోజుకు రెండణాలు చాలు, మా మనిషే మీ గడపకు వచ్చి తీసుకుంటాడన్న పిగ్మీ డిపాజిట్ పథకాన్ని 1928లో ఆరంభించింది కూడా వారే. టి.ఎం.ఏ. పాయ్ కూడా వైద్యుడే కావడం, ఆయన కూడా విద్యాసంస్థలు కట్టడం యాదృచ్ఛికం అనిపించదు.

1969లో లీడ్ బ్యాంకు పథకం వచ్చి, ఒక్కో జిల్లా రుణ ప్రణాళికను ఒక్కో బ్యాంకుకు అప్పగించినప్పుడు గుంటూరు జిల్లా ఆంధ్రా బ్యాంకు వంతుకు, ప్రకాశం జిల్లా సిండికేట్ బ్యాంకు వంతుకు వచ్చాయి. ఒక జిల్లాకు బందరు డాక్టరు బ్యాంకు, పక్క జిల్లాకు ఉడుపి డాక్టరు బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న ఈ రెండు పేర్లూ ఒకే రోజు కనుమరుగయ్యాయి. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసిపోయాయి. యూనియన్ బ్యాంకు ముంబయి కార్యాలయాన్ని 1921లో ప్రారంభించింది గాంధీజీ అన్నది, గాంధేయుడైన పట్టాభి అభిమానులకు కొంత ఊరట.

పత్తి చేలు అడిగిన ప్రశ్న

పట్టాభి స్థాపించిన బ్యాంకు గొప్పదనం చెప్పుకునేటప్పుడు దాని హద్దులూ చెప్పుకోవాలి. ఆనాటి ప్రైవేటు బ్యాంకులన్నింటి లాగే అది తాకట్టు పెట్టగలిగినవాడికి అప్పిచ్చింది. సెంటు భూమి లేనివాడికి ఆ తలుపు తెరుచుకోలేదు. 1969లో పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు డిపాజిట్ల పరిమాణం రీత్యా ఆంధ్రా బ్యాంకు ఆ జాబితాకు వెలుపల ఉంది. 1980 ఏప్రిల్ 15న మరో ఐదు బ్యాంకులతో పాటు అదీ జాతీయమైంది. వ్యవసాయానికి, బలహీనవర్గాలకు ఇంత వాటా రుణం ఇచ్చి తీరాలన్న ప్రాధాన్య రంగ నిబంధనలు వ్యవస్థాపకుడి ఆశయాన్ని చట్టపు బాధ్యతగా మార్చాయి. 1981లో క్రెడిట్ కార్డును తెచ్చి ఆ బాటలో దేశంలో ముందున్న బ్యాంకుల్లో ఒకటిగా ఆంధ్రా బ్యాంకు పేరు తెచ్చుకుంది. గ్రామీణాభివృద్ధి ట్రస్టు ద్వారా పల్లె యువతకు ఉచితంగా ఉపాధి శిక్షణ ఇచ్చింది. ఖాతాదారు కుటుంబాల కోసం ఆరోగ్యదాన్ పేరిట వైద్య బీమా తెచ్చింది. ఒక వైద్యుడు పెట్టిన బ్యాంకుకు అది తగిన పనే. మహిళా పొదుపు సంఘాలకు రుణాలివ్వడంలో తెలుగునాట బ్యాంకులు దేశానికి దారి చూపిన రోజుల్లో ఆ బ్యాంకు శాఖలు ముందువరుసలో నిలిచాయి.

అయినా 1987-88లో తెల్లదోమ ఉద్ధృతికి పత్తి పంట దెబ్బతిని ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పలువురు రైతులు ఆత్మహత్యలకు పాల్పడిన నాడు, వారి మెడకు బిగిసిన అప్పుల్లో అధిక భాగం బ్యాంకులవి కావు. పురుగుమందుల దుకాణాలవి, వడ్డీ వ్యాపారులవి. బ్యాంకు అప్పు దొరికినవాడికి సరిపోలేదు. కౌలుకు చేసినవాడికి అసలు దొరకలేదు. సాగర్ నీటితో, నల్లరేగడి సారంతో పండే ఈ నేలలో పంట పెట్టుబడి ఏటా పెరుగుతూనే ఉంది. మిరపకైతే మరీ ఎక్కువ. భూమి యజమాని పేరుమీద పంట రుణం ఉంటుంది. చేలో దిగి పండించేది మరొకరు. ఏటా వడ్డీ కట్టి పాత అప్పును కొత్త అప్పుగా రాసుకునే పుస్తక సర్దుబాట్లు సాగుతుంటాయి. లెక్కల్లో వ్యవసాయ రుణ లక్ష్యం నిండుతుంది, చేనుకు కొత్త రూపాయి చేరదు.

మిరప యార్డులో కమిషన్ వ్యాపారి ముందస్తు సొమ్ము ఇస్తాడు. ప్రతిగా కాయ తన దుకాణానికే తేవాలంటాడు. ధర ఎప్పుడు కలిసొస్తే అప్పుడు అమ్ముకునే స్వేచ్ఛ రైతుకు అక్కడితో సరి. శీతల గిడ్డంగిలో సరుకు దాచి ఆ రసీదుపై బ్యాంకు రుణం తీసుకోగలిగిన రైతుకు మాత్రం కాస్త ఆగి చూసే వెసులుబాటు దక్కుతుంది. ఆ వెసులుబాటే అతడిని ఏళ్ల తరబడి ఒకే శాఖకు కట్టిపడేస్తుంది. బ్యాంకు ఆ ఊరి బడికి ఎన్ని బల్లలు ఇచ్చిందో అతడికి గుర్తుండకపోవచ్చు. ధర పడిపోయిన ఏడాది వాయిదా ఇచ్చిన మేనేజరు పేరు మాత్రం గుర్తుంటుంది. బల్లలు వద్దని కాదు. అప్పు ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా ఇచ్చే బల్లలు ఖాతాదారుడి మనసు గెలవలేవన్నదే ఇక్కడి అనుభవం.

విలీనం తరువాత

2019 ఆగస్టు 30న కేంద్రం విలీన నిర్ణయాన్ని ప్రకటించగానే ఆంధ్రా బ్యాంకు ఉద్యోగులు నిరసనలకు దిగారు. తెలుగువారి ఆత్మగౌరవ చిహ్నంగా ఆ పేరు నిలపాలన్న విజ్ఞప్తులు వెల్లువెత్తాయి. కంపెనీ పేరు మారితే ఖాతాదారులు ఇంతగా బాధపడడం అరుదు. రుణ వడ్డీ మారలేదు, డిపాజిట్ భద్రత తగ్గలేదు. పైగా బీమా రక్షణ 2020 ఫిబ్రవరిలోనే లక్ష నుంచి ఐదు లక్షల రూపాయలకు పెరిగింది. అయినా ఒక ఇంటి పెద్ద పోయినంత బాధ పడినవారున్నారు. వ్యాపార లెక్కకు అందని ఈ బంధాన్ని 1923కు ముందు పదేళ్ల పాటు ఊళ్లు తిరిగి కట్టినవారిలో పట్టాభి ఒకరు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. ప్రకాశంలోని చీరాల ప్రాంతం కూడా బాపట్లలో చేరింది. 1913లో పట్టాభి రాష్ట్రం అడిగిన పట్టణం నేడు జిల్లా కేంద్రం. ఏటా వార్షిక రుణ ప్రణాళిక ఖరారు చేసే వేళ కలెక్టరేట్లలో బ్యాంకర్ల సమావేశాలు జరుగుతాయి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతులకు పత్రాలు ఇస్తున్నారు. ఆ పత్రం చేతబట్టి వచ్చిన కౌలు రైతుకు, భూ యజమాని పేరుమీద అప్పటికే రుణం ఉందన్న జవాబు ఎదురవుతూనే ఉంది. ఖరీఫ్‌కు ముందు జరిగే ఆ సమావేశాల్లో రైతు సంఘాలు ప్రతిసారీ లేవనెత్తే అంశం ఇదే.